దాచిన ఆయుధం – చెప్పవలసిన మాట

దసరా సంచిక కాబట్టి జమ్మిచెట్టుతో మొదలుపెడతాను. అజ్ఞాతవాసానికి పోబోతూ పాండవులు తమ ఆయుధాలను మూటగట్టి విరాటనగరం పొలిమేరలో జమ్మిచెట్టు మీద దాచారనీ, ఎవరూ దరిదాపులకు రాకుండా ఆ మూటను శవమని నమ్మించారనీ చిన్నప్పుడు మనందరం విన్నదే. తెనాలి దగ్గర మా ఊళ్ళో విజయదశమి నాడు చీటీల మీద పేర్లు రాసి జమ్మికొమ్మకు కట్టి వచ్చేవాళ్ళం. ఆ కథలో నాకు ఎప్పుడూ జాలి కలిగించే పాత్ర ఉత్తరకుమారుడు. చెట్టెక్కి మూట దింపమని బృహన్నల చెప్పేదాకా అందులో ఉన్నది శవమో, గాండీవమో ఆ పిల్లవాడికి తెలియదు. చెయ్యి చాచిన తర్వాతే తెలిసింది.

2013 అక్టోబరులో ఒక రాత్రి సరిగ్గా నాది అదే పరిస్థితి. అక్కడినుంచి పుట్టినదే ఈ వ్యాసం. నేను లాయరును కాను, చరిత్రకారుణ్ణీ కాను. గుండె జబ్బులు చూసుకునే డాక్టరును. అయితే ఆ రాత్రి నా గుండె ఎందుకు అంత వేగంగా కొట్టుకున్నదో తెలుసుకోవాలని లైబ్రరీ చుట్టూ తిరిగి, కోర్టు తీర్పులు చదివి, నాకు అర్థమైనంత మీ ముందు పెడుతున్నాను. తుపాకులు మంచివా, చెడ్డవా అన్న చర్చ ఇక్కడ పెట్టను. దానికి మన పాట్‌లక్ విందులు చాలు.

ఆ రాత్రి ఏం జరిగింది?

సంఘం పని మీద కొలంబస్ వెళ్ళి, పదకొండు దాటాక 71వ నంబరు హైవే మీద క్లీవ్‌లాండ్‌కు తిరిగి వస్తున్నాం. కారు మా మిత్రుడిది. ఆయన గ్యాస్ స్టేషన్ నడుపుతారు. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మా ఆవిడ "అన్నయ్యగారూ" అని పిలుస్తుంది. ఆదివారం తెలుగు బడికి మా పిల్లలను ఆయనే దింపేవారు. మాటల్లో పడి స్పీడు కాస్త ఎక్కువైంది. వెనక ఎరుపు, నీలం దీపాలు వెలిగాయి.

ఆయన కారు పక్కకు తీసి ఆపారు. లోపలి దీపం వేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పోలీసాయన కిటికీ దగ్గరకు వచ్చి లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు అడిగాడు. మన అలవాటు తెలుసుగా, ఎవరికైనా సాయపడితే గానీ ప్రాణం ఊరుకోదు. కాగితాలు ముందు అరలో ఉంటాయి గదా అని నేను దాని మీద చెయ్యి వేశాను.

"డాక్టరుగారూ! అర ముట్టుకోవద్దు!" అని ఆయన తెలుగులో అరిచారు.

పోలీసాయన చెయ్యి తన నడుము దగ్గరకు పోయింది. "ఏమన్నావు?" అని అడిగాడు. మా మిత్రుడు చేతులు కదపకుండా, మెల్లగా ఇంగ్లీషులో చెప్పారు: తన దగ్గర లైసెన్సు ఉన్నదనీ, పిస్తోలు ముందు అరలో ఉన్నదనీ, దాన్ని తెరవవద్దనే స్నేహితుడికి తన భాషలో చెప్పాననీ. పోలీసాయన ఒక్క క్షణం ఆగి, థాంక్స్ చెప్పి, నన్ను కారు దిగి రోడ్డు పక్క నిలబడమన్నాడు. తర్వాత అంతా మర్యాదగానే జరిగింది. పావుగంటలో హెచ్చరిక కాగితం ఇచ్చి పంపించాడు.

మిగతా గంటన్నర ప్రయాణం మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు అర్థంకానిది ఒక్కటే. ముక్కూమొహం తెలియని పోలీసుకు ఆయన చెప్పారు. పక్కనే రెండు గంటలు కూర్చున్న నాకు ఎందుకు చెప్పలేదు?

దాచడమే నేరం

ఈ దేశంలో తుపాకి మోయడం ఎప్పుడూ స్వేచ్ఛేనని మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలా రాష్ట్రాల్లో ఆయుధం బాహాటంగా పట్టుకుని తిరగడం తప్పు కాదు గాని, బట్టల్లో దాచుకుని తిరగడం తప్పు. పెద్దమనిషి అయినవాడు ఆయుధాన్ని కనబడేటట్లు పెట్టుకుంటాడు, దాచేవాడి మనసులో ఏదో దురుద్దేశం ఉంటుంది అన్నది ఆనాటి నమ్మకం. కెంటకీ, లూసియానా 1813లోనే దాచిన ఆయుధాలను నిషేధించాయి. కెంటకీ చట్టాన్ని 1822లో అక్కడి కోర్టు కొట్టివేసింది. మన ఒహాయో 1859లో నిషేధం తెచ్చింది. టెక్సస్, సినిమాల్లో చూసే కౌబాయ్‌ల టెక్సస్, 1871లో పిస్తోలు మోయడాన్నే నేరం చేసింది.

ఒహాయో చట్టంలో ఒక మెలిక ఉండేది. తుపాకి దాచుకుంటే అరెస్టు చేస్తారు. నా వృత్తి ప్రమాదకరమైనది, తెలివిగల మనిషి ఎవరైనా నా స్థానంలో ఇలాగే చేస్తాడు అని తర్వాత కోర్టులో నిరూపించుకుంటే వదిలేస్తారు. ముందు సంకెళ్ళు, తర్వాత సంజాయిషీ.

ఆ సంజాయిషీ ఎవరిది చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్న ప్రశ్న కూడా పాతదే. 1920లో ఒహాయో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నీటో కేసులో ముద్దాయి క్యాంటన్ ఉక్కు కర్మాగారంలో పనిచేసే మెక్సికన్ కూలీ. పొట్ట చేతపట్టుకుని మనలాగే పరాయి దేశం వచ్చినవాడు. కోర్టు నిషేధం చెల్లుతుందన్నది. ఒక్క న్యాయమూర్తి, వానమేకర్ అనే ఆయన, విభేదించాడు. దక్షిణాది రాష్ట్రాల్లో ఇటువంటి చట్టాల వెనక నల్లవారి చేతిలో ఆయుధం లేకుండా చేయాలన్న ఉద్దేశం ఉన్నదని తన తీర్పులో రాశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు రావాలి.

మన ఊరి యూక్లిడ్ ఎవెన్యూ మీద

దారిలో ఆపిన మనిషి దగ్గర ఆయుధం ఉన్నదా లేదా అని పోలీసు ఎలా తెలుసుకోవాలి? ఈ ప్రశ్నకు దేశమంతటికీ వర్తించే జవాబు పుట్టింది మన క్లీవ్‌లాండ్‌లోనే. 1963 అక్టోబరు 31న డౌన్‌టౌన్‌లో యూక్లిడ్ ఎవెన్యూ, హ్యూరాన్ రోడ్డు కలిసే చోట మెక్‌ఫాడెన్ అనే డిటెక్టివు, ఇద్దరు మనుషులు ఒక దుకాణం కిటికీలోకి మళ్ళీ మళ్ళీ తొంగిచూసి వెళ్ళడం గమనించాడు. పోలీసు ఉద్యోగంలో ఆయనకు అప్పటికి 39 ఏళ్ళ అనుభవం. అనుమానం వచ్చి వాళ్ళను ఆపాడు. పై కోటు మీద తడిమి చూస్తే టెర్రీ అనే అతని జేబులో రివాల్వరు దొరికింది. రెండోవాడి దగ్గర ఇంకొకటి. పెట్టిన కేసు దోపిడీ కేసు కాదు, ఆయుధం దాచిన కేసు.

1968 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 8–1 తేడాతో మెక్‌ఫాడెన్ చేసినది సబబే అన్నది. వారంటు లేకపోయినా, అరెస్టు చేయడానికి తగిన ఆధారం లేకపోయినా, ఎదుటివాడి దగ్గర ఆయుధం ఉన్నదని సహేతుకమైన అనుమానం ఉంటే పైపైన తడిమి చూడవచ్చు. పోలీసుల భాషలో ఈనాటికీ దాన్ని టెర్రీ స్టాప్ అంటారు. డౌన్‌టౌన్‌లో సినిమాకో నాటకానికో వెళ్ళినప్పుడు మనం ఆ వీధిలోనే నడుస్తుంటాం.

తర్వాత 1977లో ఫిలడెల్ఫియా నుంచి మిమ్స్ అనే అతని కేసు వచ్చింది. కారు నంబరు ప్లేటు గడువు తీరిందని ఆపి దిగమంటే, కోటు కింద ఉబ్బెత్తుగా కనబడింది. తడిమితే రివాల్వరు. ట్రాఫిక్ కోసం ఆపినప్పుడు డ్రైవరును దిగమనే అధికారం పోలీసుకు ఉన్నదని కోర్టు అన్నది. 1997లో మేరీలాండ్ నుంచి వచ్చిన విల్సన్ కేసులో పక్కన కూర్చున్నవాళ్ళకూ దాన్ని వర్తింపజేసింది. ఆ రాత్రి నన్ను దిగమన్నది ఈ తీర్పు బలంతోనే అన్నమాట.

ఈ తీర్పులన్నిటిలోనూ కనబడేది పోలీసు భయం. చీకటి రోడ్డు, తెలియని కారు, కనబడని చేతులు. ఆ భయం ఉత్తది కాదు. ప్రతి సంవత్సరం ఇలా కార్లు ఆపుతూ ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసులు ఈ దేశంలో ఉన్నారు.

లైసెన్సు వచ్చింది, మాట కూడా వచ్చింది

1987లో ఫ్లారిడా కొత్త పద్ధతి మొదలుపెట్టింది. నేరచరిత్ర లేకుండా, శిక్షణ పొంది, అడిగిన అర్హతలు ఉన్న ప్రతివాడికీ దాచిన తుపాకికి లైసెన్సు ఇచ్చి తీరాలి. ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం కాదు. 1991 అక్టోబరు 16న టెక్సస్‌లోని కిలీన్ పట్టణంలో లూబీస్ కెఫెటీరియాలో ఒక దుండగుడు 23 మందిని కాల్చి చంపాడు. అక్కడ తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న సుజానా హప్ అనే ఆవిడ, చట్టానికి భయపడి తన తుపాకిని కారులోనే వదిలి వచ్చానని చెప్పి రాష్ట్రమంతా కదిలించింది. తర్వాత శాసనసభ్యురాలు కూడా అయింది. 1995లో గవర్నరు జార్జ్ బుష్ సంతకంతో టెక్సస్ లైసెన్సు పద్ధతిలోకి వచ్చింది. నార్త్ కరొలినా, ఒక్లహామా కూడా ఆ ఏడాదే వచ్చాయి.

ఇక్కడే మన విషయం మొదలవుతుంది. వేలమంది మామూలు మనుషులు తుపాకులు దాచుకుని తిరగబోతున్నారు. మరి దారిలో ఆపిన పోలీసు గతి ఏమిటి? దానికి శాసనసభలు కనిపెట్టిన ఉపాయం ఒక మాట. లైసెన్సు ఇస్తాం, బదులుగా పోలీసు ఎదురైనప్పుడు "నా దగ్గర ఉన్నది" అని నువ్వే చెప్పాలి. దీన్ని ఇక్కడ డ్యూటీ టు ఇన్‌ఫార్మ్ అంటారు. మన మాటల్లో తెలియజేసే బాధ్యత అనుకుందాం.

అన్ని రాష్ట్రాలూ ఒకే రకంగా రాయలేదు. నార్త్ కరొలినాలో పోలీసు పలకరించగానే, లైసెన్సు ఉన్నదనీ తుపాకి దగ్గరున్నదనీ చెప్పాలి. టెక్సస్‌లో గుర్తింపు కాగితం అడిగితే దానితోపాటు తుపాకి లైసెన్సు కూడా చూపాలి. 2009లో దానికున్న శిక్షను మాత్రం తీసేశారు. పొరుగున ఉన్న మిషిగన్‌లో వెంటనే చెప్పాలి. చెప్పకపోతే మొదటిసారి 500 డాలర్ల జరిమానా, ఆరు నెలలు లైసెన్సు నిలుపుదల. మినెసోటాలోనూ, 2013లో చట్టం తెచ్చుకున్న ఇల్లినాయ్‌లోనూ పోలీసు అడిగితేనే చెప్పాలి.

ఈ బాధ్యతలో ఒక చిత్రం ఉన్నది. 1968లోనే హేన్స్ అనే కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. చట్టవిరుద్ధంగా తుపాకి ఉన్నవాణ్ణి దాన్ని రిజిస్టరు చేసుకోలేదని శిక్షించడం కుదరదు, ఎందుకంటే తన నేరాన్ని తానే ఒప్పుకోమని రాజ్యాంగం ఎవరినీ బలవంతపెట్టదు. ఆ లెక్కన నోరు విప్పమని చట్టం గట్టిగా అడగగలిగేది లైసెన్సు ఉన్నవాణ్ణే. అనుమానం దొంగ మీద, బాధ్యత దొర మీద.

ఒహాయోలో

నేను రెసిడెన్సీకి క్లీవ్‌లాండ్ వచ్చింది 2003 జులైలో. ఆ సెప్టెంబరులోనే ఒహాయో సుప్రీంకోర్టు క్లైన్ కేసులో పాత నిషేధాన్ని సమర్థించింది. ఆ కేసు వేసినవాళ్ళలో పిజ్జాలు అందించే ఒకతను ఉన్నాడు. తుపాకి దగ్గరుంచుకున్నందుకు అరెస్టయి, తర్వాత నిర్దోషిగా బయటపడ్డవాడు. దాచడమే కదా నేరం, అయితే దాచం అంటూ కొందరు తుపాకులు నడుముకు కనబడేటట్లు కట్టుకుని ఊళ్ళలో ఊరేగింపులు తీశారు. నాకప్పుడు ఇదేమి దేశంరా బాబూ అనిపించింది. 2004 జనవరిలో గవర్నరు టాఫ్ట్ సంతకం చేశాడు, ఏప్రిల్ 8 నుంచి లైసెన్సు చట్టం అమలులోకి వచ్చింది. పిస్తోలు బొమ్మ మీద ఎర్రగీత కొట్టిన కాగితాలు ఊళ్ళో తలుపుల మీద వెలిసింది ఆ వసంతంలోనే. మొదటిసారి చూసినప్పుడు, ఇన్నాళ్ళూ ఈ గీత లేకుండా ఎలా లోపలికి వచ్చాను అని భయం వేసింది.

హైవే పోలీసులకు ఆ చట్టం మీద అభ్యంతరాలుండేవి. అందుకే మొదట్లో కారులో ఉన్న తుపాకి కనబడేటట్లు ఒరలో ఉండాలి, లేదా తాళం వేసిన అరలోనో పెట్టెలోనో ఉండాలి అని నియమం పెట్టారు. 2007లో ఒకసారి, 2011లో ఒకసారి ఆ నియమాలు సడలాయి. తెలియజేసే బాధ్యత మాత్రం గట్టిగానే ఉండేది. పోలీసు ఆపితే సత్వరం చెప్పాలి, చేతులు కనబడేటట్లు ఉంచాలి, తుపాకి ముట్టుకోకూడదు. చెప్పకపోతే 180 రోజుల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా.

సత్వరం అంటే ఎంతసేపు? అక్కడే చిక్కు వచ్చింది. 2011 జూన్‌లో క్యాంటన్‌లో, అదే పాత ఉక్కు ఊళ్ళో, రాత్రిపూట ఒక కారును ఇద్దరు పోలీసులు ఆపారు. డ్రైవరు లైసెన్సు కార్డు చేతిలో పట్టుకుని చెప్పబోతుంటే నోరు మూసుకోమన్నారు. చివరికి చెప్పగలిగినప్పుడు, ముందే ఎందుకు చెప్పలేదంటూ ఒక పోలీసు చంపేసి ఉండేవాణ్ణని బెదిరించాడు. పైగా సత్వరం చెప్పలేదని కేసు. పోలీసు కారులోని కెమెరా అంతా పట్టేసింది గనుక ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. డ్రైవరు మీద కేసు నిలవలేదు. చెప్పమనేది ఒక చట్టం, చెప్పనివ్వనిది ఒక అధికారి. మధ్యలో చేతిలో కార్డుతో ఒక మనిషి.

చెప్పినా

ఇంతకంటే పెద్ద దెబ్బ 2016 జులై 6న తగిలింది. మినెసోటాలో సెయింట్ పాల్ పక్కన ఫాల్కన్ హైట్స్. ఫిలాండో కాస్టిల్ అనే 32 ఏళ్ళ నల్లజాతి యువకుడు బడిలో భోజనశాల చూసుకునేవాడు. పిల్లలకు ఇష్టమైనవాడు. బ్రేకు దీపం వెలగడం లేదని కారు ఆపారు. అంతకుముందే ఆ అధికారి, డ్రైవరు ఒక దోపిడీ అనుమానితుడిలా ఉన్నాడని రేడియోలో అన్నాడు. ఆధారం ముక్కు ఆకారం. కాస్టిల్‌ను అంతకుముందు పద్నాలుగేళ్ళలో నలభైకి పైగా సార్లు ఇలా దారిలో ఆపారు.

ఆయనకు లైసెన్సు ఉన్నది. మినెసోటాలో అడిగితేనే చెప్పాలని ఇందాక రాశాను. ఆయన అడగకుండానే, మర్యాదగా, సార్ అని సంబోధించి మరీ, తన దగ్గర తుపాకి ఉన్నదని చెప్పాడు. తర్వాత కొన్ని సెకన్లలోనే ఏడు గుళ్ళు పేలాయి. తుపాకి తీస్తున్నాడనుకున్నానని అధికారి అన్నాడు. తీయడం లేదని కాస్టిల్, పక్కనున్న స్నేహితురాలు చెబుతూనే ఉన్నారు. వెనక సీట్లో ఆమె నాలుగేళ్ళ కూతురు. 2017 జూన్‌లో జ్యూరీ ఆ అధికారిని నిర్దోషి అన్నది.

1920లో వానమేకర్ లేవనెత్తిన ప్రశ్న ఇక్కడ మళ్ళీ నిలబడింది. ఒకే మాట ఒకరి నోట బాధ్యతగా, మరొకరి నోట బెదిరింపుగా వినబడితే ఆ మాటను తప్పనిసరి చేసి ఏం లాభం? మా మిత్రుడు ఆ రాత్రి తెలుగులో అరిచినప్పుడు పోలీసాయన చెయ్యి ఎక్కడికి పోయిందో నాకు ఈ వార్త చదివినప్పుడు గుర్తుకు వచ్చింది. మా రంగు, మా యాస, అర్థంకాని మా భాష, అన్నీ ఆ కిటికీలోంచి ఆయనకు ఎలా కనబడ్డాయో ఎవరికి తెలుసు? ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణమే మమ్మల్ని ఇంటికి చేర్చింది.

ఇప్పుడు ఎక్కడున్నాం?

2022 మార్చిలో గవర్నరు డివైన్ సంతకం చేసిన చట్టంతో ఒహాయోలో, జూన్ 13 నుంచి, 21 ఏళ్ళు నిండి అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే తుపాకి దాచుకుని తిరగవచ్చు. సత్వరం చెప్పాలన్న బాధ్యత కూడా పోయింది. పోలీసు అడిగితే మాత్రం నిజం చెప్పాలి. చెప్పకపోతే నేరమే. అదే నెల 23న బ్రూయెన్ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు, బయట తుపాకి మోయడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అన్నది. 1859లో దాచడం నేరం, 2004లో దాచవచ్చు గాని చెప్పాలి, 2022లో అడిగితే చెప్పాలి. నూట అరవై ఏళ్ళ ప్రయాణం ఇది.

లైసెన్సు పోయినచోటల్లా ఈ మాట కూడా పోయిందనుకోకండి. అలాస్కాలో 2003లో లైసెన్సు అవసరం తీసేసి, చెప్పే బాధ్యతను ఉంచారు. నెబ్రాస్కా 2023లో అదే చేసింది. మెయిన్ రాష్ట్రం 2015లో ఇంకో దారి పట్టింది. లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకున్నవాడు ఆపిన వెంటనే చెప్పాలి, లైసెన్సు ఉన్నవాడు చెప్పనక్కర లేదు. బ్రూయెన్ తీర్పు తర్వాత న్యూజెర్సీ, 2022 డిసెంబరులో, చెప్పి తీరాలని కొత్తగా రాసుకున్నది.

మనకు దగ్గరి ఇబ్బంది ఒకటున్నది. ఉగాదికి డిట్రాయిట్ వెళ్తుంటాం, అక్కడి బంధువులు ఇక్కడికి వస్తుంటారు. టొలీడో దాటగానే మిషిగన్. అక్కడ లైసెన్సు లేకుండా దాచడం పెద్ద నేరం, లైసెన్సు ఉంటే వెంటనే చెప్పాలి. ఒహాయోలో చెల్లింది గదా అని అదే కారులో అదే తుపాకితో గీత దాటినవాడు, తనకు తెలియకుండానే నేరస్థుడౌతాడు. పక్కన పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మన ఆడవాళ్ళకు ఆ సంగతే తెలియదు.

అందరికీ తెలిసిన తుపాకి

మా చిన్నప్పుడు ఊళ్ళో ఒకే తుపాకి ఉండేది. మోతుబరి రైతు ఇంట్లో గోడకు వేలాడే డబుల్ బ్యారల్. అది ఎక్కడుంటుందో, తూటాలు ఏ బీరువాలో ఉంటాయో పశువుల కాపరికి కూడా తెలుసు. ఎన్నికలు వస్తే ఆయన దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవాడు. ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో రచ్చబండ మీద లెక్క ఉండేది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షను ప్రకారం ఆయుధం పట్టుకున్నవాణ్ణి పోలీసు లైసెన్సు చూపమని అడగవచ్చు. అక్కడా బాధ్యత అడిగినప్పుడే. అయితే ఆ ఊళ్ళో అడగవలసిన అవసరమే ఉండేది కాదు, అందరికీ తెలుసు గనుక.

ఆ అక్టోబరు రాత్రి ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యగారి కారులో మన పిల్లలు ఎన్ని ఆదివారాలు ఎక్కారో లెక్క ఉందా? ఆ అరలో చాక్లెట్లు ఉన్నాయేమోనని ఎన్నిసార్లు వెతికి ఉంటారో!" అంది. పాపకు అప్పుడు ఐదేళ్ళు. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం నుంచి తెలుగు బడికి పిల్లలను నేనే దింపాను. ఆయనతో ఫోను మాటలు తగ్గాయి. ఏమిటని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. దాదాపు రెండు నెలలు అలాగే గడిచింది.

సంక్రాంతి ముందు ఒక సాయంత్రం ఆయనే ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ మెల్లగా అన్నారు: "దుకాణంలో తలకు తుపాకి పెట్టి డబ్బు పట్టుకుపోయాక కొనుక్కున్నాను, డాక్టరుగారూ. లైసెన్సు క్లాసులో పోలీసుకు ఎలా చెప్పాలో ఒక పూటంతా నేర్పించారు. చేతులు ఎక్కడ పెట్టాలో, ఏ మాట ముందు అనాలో అన్నీ. పక్కనున్నవాళ్ళకు చెప్పమని ఎవరూ నేర్పలేదు. మీరు భయపడతారేమో, నన్ను తక్కువగా చూస్తారేమో అనుకున్నాను. పిల్లల సంగతి నాకు తట్టలేదు. తప్పే." మా ఆవిడ మొహమాటపడకుండా, "పిల్లలున్న కారులో అది వద్దన్నయ్యగారూ. ఉంటే ముందు మాకు చెప్పండి" అంది. ఆయన సరేనన్నారు. మాట తప్పలేదు.

2022లో చట్టం మారినప్పుడు, "ఇక పోలీసుకు చెప్పక్కరలేదటగా" అని అడిగాను. "అడిగేదాకా ఆగడం నాకు చేతకాదండీ. చేతులు స్టీరింగు మీద పెట్టి ముందే చెప్పేస్తాను. వాడూ ఎవరింటి పిల్లాడో" అన్నారు. కాస్టిల్ సంగతి తెలిసి కూడా ఆయన నిర్ణయం అది. సరైనదో కాదో నేను చెప్పలేను.

నాకు తెలిసినది ఇంతే. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశపు శాసనసభలు ఒక వాక్యాన్ని చట్టంగా రాస్తూ, చెరిపేస్తూ వచ్చాయి. తుపాకి ఉన్నవాడు పోలీసుకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అని. ఆ వాక్యం అసలు ఉద్దేశం మంచిదే. పక్కనున్నవాడు హడలిపోకూడదు, హడలినప్పుడే ప్రమాదం. కాని ఆ కారులో పోలీసు ఉండేది పది నిమిషాలు. భార్య, పిల్లలు, స్నేహితులు ఉండేది ఏళ్ళ తరబడి. వాళ్ళకు చెప్పమని నేను చదివిన ఏ చట్టంలోనూ కనబడలేదు. అది మనమే రాసుకోవాలి.

ఇప్పుడు పాప డ్రైవింగు నేర్చుకుంది. నేను నేర్పినవి నాలుగే. పోలీసు ఆపితే లోపలి దీపం వెయ్యి. చేతులు స్టీరింగు మీద ఉంచు. అడిగేదాకా దేనికోసమూ చెయ్యి చాచవద్దు. నాలుగోది, ఎవరి కారు ఎక్కినా, ఎవరింటికి ఆడుకోవడానికి వెళ్ళినా, "అంకుల్, ఇక్కడ తుపాకి ఏమైనా ఉందా?" అని అడుగు. మొదట్లో సిగ్గుపడేది. ఇప్పుడు అలవాటైంది. అడిగితే కోపగించుకున్నవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. ఉందని చెప్పినవాళ్ళు మాత్రం మనలోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. చెప్పినందుకు వాళ్ళకు మా ఇద్దరి కృతజ్ఞతలు.

జమ్మిచెట్టు మీద మూటలో ఏముందో ఊరికి తెలియకపోయినా, పాండవుల ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈ దసరాకు జమ్మికొమ్మ దగ్గర చీటీ రాసేటప్పుడు, ఆయుధం ఉన్న ఇల్లయితే ఇంట్లోవాళ్ళందరికీ ఆ మాట ఒకసారి చెప్పండి. లేని ఇల్లయితే పిల్లలకు అడగడం నేర్పండి.

అందరికీ దసరా, దీపావళి శుభాకాంక్షలు.